విలియం ఖాతాకు మూడో తాళం

భిలాయి, సెక్టర్ 2,
11-8-2006, శుక్రవారం.

శ్రీయుత బ్యాంకు బ్రాంచి మేనేజరు గురునాథరావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఎదురింటి శ్రీ విలియం గారి ఇంటర్నెట్ ఖాతాకు తమరు సోమవారం నాడు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వనున్నందున, సదరు పాస్‌వర్డ్‌లో మూడో వంతు హక్కుదారుడనైన నన్ను విచారించకుండా ఇవ్వరాదని కోరుట గురించి.

సూచిక: ఏమీ లేదు. తమరు నాకు ఇంతవరకు ఏ ఉత్తరమూ రాయలేదు.

పై విషయమై త్రినాథరావు అను నేను, రైలు పట్టాల మిల్లులో ఆపరేటరుగా చేసి రిటైరైనవాడిని, తమకు విన్నవించుకొనునది. తమరు మన విజయనగరం వైపువారని విని సంతోషించి ఈ అర్జీని తెలుగులో రాయుచున్నాను. హిందీలో అయితే నాకు కోపం బాగా వస్తుంది గాని మర్యాద కుదరదు.

నా దస్తూరీకి ముందుగానే క్షమించవలెను. కుళాయి గురించైనా వీధి లైటు గురించైనా, మా వీధి నుంచి ఏ ఆఫీసుకు అర్జీ వెళ్లాలన్నా మేము చిత్తు రాసుకుంటాము, విలియం సాఫు రాసి ఇస్తాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. టౌన్‌షిప్ ఆఫీసు వాళ్లు వాటిని చూసి లోపల ఏముందో చదవకుండానే సగం పనులు చేసిపెట్టేవారు. ఈ అర్జీ అతని గురించే కావడం వల్ల నాకు ఆ సౌకర్యం లేకపోయింది.

1. ఖాతా ఏర్పాటు గురించి. విలియంకు ఈ ఇంటర్నెట్ ఖాతా పెట్టించినది అతని కూతురు జాయ్. రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తుంది. కరెంటు బిల్లుకూ ఫోను బిల్లుకూ లైనులో నిలబడి తండ్రి మోకాళ్లు అరగదీసుకుంటున్నాడని కంప్యూటరు కొనిచ్చి, అన్నీ నేర్పి, "పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు నాన్నా, అమ్మకి కూడా" అని హెచ్చరించి బస్సెక్కింది. విలియంకు ఈ మాట నచ్చలేదు. ఒక్కడికే తెలిసిన సంగతి అంటే అతని లెక్కలో గ్యాసు ఉన్న చోటికి ఒంటరిగా దిగడమే. ఆ ఒక్కడినీ ఎవడైనా బోల్తా కొట్టిస్తే అడ్డుకునేవాడు ఉండడు.

అందువల్ల మిల్లులో మాకు అలవాటైన పద్ధతిలో పాస్‌వర్డ్‌ను మూడు ముక్కలు చేశాడు. మొదటిది తనది, రెండోది భార్య డైసీ గారిది, మూడోది నాది. ఎవరి ముక్క వారే పెట్టుకున్నాము. ఒకరిది ఒకరికి తెలియదు.

పెన్షన్ పడ్డాక నేను రోడ్డు దాటి వెళ్తాను. విలియం తన ముక్క కొడుతున్నంతసేపూ డైసమ్మా నేనూ కిటికీలోంచి జామచెట్టు చూస్తాము. తర్వాత డైసమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని తన ముక్క కొడుతుంది. అప్పుడు మగవాళ్లం జామచెట్టు చూస్తాము. చివర నేను. కీబోర్డు మీద అక్షరాలు ఎవరు ఎందుకలా చెదరగొట్టారో గాని, వెతుక్కోవడానికి నాకు కొంత సమయం పడుతుంది. కాబట్టి ఆ చెట్టును అందరికన్నా ఎక్కువగా చూసినది ఆ దంపతులే. బిల్లు చిటికెలో కట్టేస్తాము. తర్వాత టీ, చేగోడీలు, మిల్లు కబుర్లు. అవి చిటికెలో అయ్యేవి కావు.

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదన్న తమ నిబంధనను మేము తు.చ. తప్పక పాటించామని గమనించవలెను. విలియం నాకు చెప్పలేదు. నేను విలియంకు చెప్పలేదు. పోలీసులు మా ముగ్గురిలో ఎవరిని పట్టుకుని తన్నినా పూర్తి పాస్‌వర్డ్ రాదు. తమ బ్రాంచిలో ఇంత పక్కాగా ఉన్న ఖాతాదారు మరొకరు ఉన్నారేమో విచారించుకొనవలెను.

2. మూడో ముక్క నాకే ఎందుకు ఇచ్చాడనగా. మా మిల్లులో రిపేరుకు లైను ఆపినప్పుడు, యంత్రం కిందికి దిగే ప్రతివాడూ కరెంటు స్విచ్చి పెట్టెకు తన తాళం తాను వేసి దిగుతాడు. పైకి వచ్చాక తన తాళం తాను తీసుకుంటాడు. ఆఖరి తాళం ఊడేదాకా కరెంటు ఇవ్వడానికి లేదు. ఒకరి తాళం ఇంకొకరు ముట్టుకోకూడదు, ఆఫీసరైనా సరే.

ఒక రోజు పని అయిపోయి అందరూ పైకి వచ్చి తాళాలు తీసుకున్నారు. నేను నా తాళం మరిచిపోయి, తాళంచెవి జేబులో వేసుకుని క్యాంటీనుకు టీకి పోయాను. పట్టాల ఆర్డరు ఆలస్యమవుతోందని ఇంజనీరు నన్ను అమ్మానాన్నలతో సహా తలుచుకుని, తాళం పగలగొట్టమని సుత్తి తెప్పించాడు. సుత్తి వచ్చేలోపల రోలర్ల కింది నుంచి విలియం పైకి వచ్చాడు, చేతిలో స్పానరుతో. తన తాళం తీసేసుకున్నాక, స్పానరు కిందే మరిచిపోయానని గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ దిగాడన్నమాట. ఆ పెట్టెకు ఆ కాసేపూ వేలాడింది నా తాళం ఒక్కటే.

ఆ సాయంత్రం విలియం నన్ను పొగడలేదు. "నీ మతిమరుపు వల్ల బతికానురా త్రినాథం" అన్నాడు. ఇప్పటికీ కొత్తవాళ్లకు నన్ను అలాగే పరిచయం చేస్తాడు. జాయ్ ఈ ఖాతా పెట్టి వెళ్లాక "ఒక తాళం త్రినాథంది ఉండాలి" అని పట్టుబట్టాడు. ఇదీ నా అర్హత. దీనికి సర్టిఫికెట్టు లేదు.

3. ప్రేమలేఖ గురించి. గత నెలాఖరున విలియం కంప్యూటరుకు ఒక మెయిల్ వచ్చింది. పైన తమ బ్యాంకు ముద్ర ఉంది. "ప్రియమైన ఖాతాదారుకు" అని మొదలుపెట్టి, రేపటిలోగా కింద ఇచ్చిన చోట నొక్కి పాస్‌వర్డ్ కొట్టనిచో ఖాతా మూసివేయబడునని ఇంగ్లీషులో ఉంది. విలియం కంగారుపడి గేటు దగ్గర నుంచే నన్ను కేకేశాడు. నేను వెళ్లేసరికి తన ముక్క, డైసమ్మ ముక్క కొట్టించి, కుర్చీ నా వైపు తిప్పి ఉంచాడు.

నేను కళ్లజోడు పెట్టుకుని ఆ మెయిల్ మొత్తం చదివాను. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది సున్నా. తమ బ్యాంకు గురించి మాత్రం కొంత తెలుసు. ఖాతా తెరిచిన నాటి నుంచి తమ బ్యాంకు నన్ను "ప్రియమైన" అన్న పాపాన పోలేదు. "లంచ్ కే బాద్ ఆనా" అన్నది. "సంతకం కలవలేదు" అన్నది. చిల్లర లేకపోతే "ఖుల్లా లేకే ఆవో" అన్నది. ఈ మెయిల్‌లో "దయచేసి" అని అడుగడుగునా ఉంది, చివర "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని కూడా ఉంది. ఇది మన బ్యాంకు కాదని నాకు అక్కడే తేలిపోయింది.

తమరు దీనిని నిందగా తీసుకోరాదు. దొంగలు ముద్రను అచ్చుగుద్దినట్టు దించగలిగారు గాని తమ కౌంటరు మాట తీరును దించలేకపోయారు. ఖాతాదారుల భద్రత దృష్ట్యా దానిని ఇలాగే కాపాడుకొనవలెను.

"నేను కొట్టను" అన్నాను.

"ఎందుకు కొట్టవు?" అన్నాడు విలియం.

"ఇది బ్యాంకోళ్లు రాసింది కాదు. ఇంత పేమగా ఆళ్లు రాయరు. రేపు ఇద్దరం బ్రాంచికెళ్లి అడుగుదాం."

"రేపటికి మూసేస్తామంటున్నారు కదా. మూసేస్తే నువ్వొచ్చి తెరుస్తావా?"

"నా తాళం నేనేసినాను. నాకు నమ్మకం కుదిరితేనే తీస్తాను."

"నా డబ్బుల మీద నీ పెత్తనం ఏంటి త్రినాథం?"

అయ్యా, ఈ మాటకు అధికారిక భాషలో ఏమంటారో నాకు తెలియదు. నాకు చాలా బాధ కలిగింది. డైసమ్మ చేతిలో టీ కప్పు ఉంది. అది తాగకుండానే వచ్చేశాను.

4. తదుపరి జరిగినది. ఇది నేను చూసినది కాదు. డైసమ్మ కూరగాయల బండి దగ్గర నా భార్య కామాక్షమ్మకు చెప్పినది. నేను వచ్చేశాక విలియం "వాడి ముక్క నాకు తెలియదా, వాడి బతుక్కి ఇంకేం ఉంటుంది" అని, మూడో ముక్క స్థానంలో కామాక్షి అని కొట్టాడట. తెర మీద "ధన్యవాదములు" అని వచ్చిందట. దొంగకు ఏది కొట్టినా ధన్యవాదములే.

5. ఖాతా మూతపడుట. మరునాడు తమ బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, ఎవరో పదే పదే తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నారని, అందువల్ల "ఆప్‌కా ఖాతా లాక్ కర్ దియా గయా హై" అని చెప్పింది. విలియం చెవికి చివరి ముక్క ఒక్కటే ఎక్కింది. మూసేస్తామని మెయిల్ అన్నది, నేను కొట్టనన్నాను, మూసేశారు. అతనికి అన్నీ సరిగ్గా అతికినట్టు కనపడ్డాయి. గేటు దగ్గర నిలబడి, ఎవరిని ఉద్దేశించీ కాకుండా వీధి మొత్తానికీ, "వాడి మూలంగానే మూసేశారు" అని ప్రకటించాడు.

ఆదివారం చర్చి అయ్యాక జాయ్ వచ్చి ఆ మెయిల్ చూసి తల పట్టుకున్నది. తర్వాత మా ఇంటికి వచ్చి నాతో అన్న మాటలు యథాతథంగా: "బాబాయ్, వో బ్యాంక్ కా మెయిల్ థా హీ నహీ. దొంగలు నాన్న ముక్క, అమ్మ ముక్క సహీ సహీ పట్టుకెళ్లిపోయారు. మూడోది గలత్. దాంతో ట్రై కర్తే రహే, అందుకే బ్యాంకు లాక్ చేసేసింది. నువ్వు కొట్టలేదు కాబట్టే పైసలు బచ్ గయే." ఇదే మాట తండ్రికీ చెప్పిందట. అతను అంతా విని, "ఈ సంగతి బ్యాంకు కాగితం మీద రాసి ఇచ్చిందా?" అన్నాడట.

ఇందులో విలియంను తప్పుపట్టలేను. మేము పనిచేసిన చోట నోటి మాటకు విలువ లేదు. అయినా అతను ఎప్పుడో నమ్మేశాడని నా అభిప్రాయం. ఒప్పుకోవడానికే కాగితం కావాలి.

6. తమరు అన్న మాట. ఈ సోమవారం విలియం తమ దగ్గరికి వచ్చినప్పుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కనుక, మూడు ముక్కల సంగతి చెప్పాడు. తమరు నవ్వి, "బయటివాళ్లకి ఇవ్వకూడదండీ. వచ్చే సోమవారం రండి, కొత్తది ఇస్తాం, మీరొక్కరే పెట్టుకోండి" అన్నారట. నవ్వినందుకు నాకు అభ్యంతరం లేదు. బయటివాడు అన్నందుకు ఉంది.

నా కూతురు హేమమాలిని పెళ్లి జాముల్‌లో జరిగినప్పుడు వంటవాళ్ల నెత్తిన కూర్చుని సాంబారులో నీళ్లు కలపనివ్వకుండా కాపలా కాసినది విలియం. జాయ్ బాప్తిస్మం రోజున చర్చి మెట్ల మీద నిలబడి లడ్డూలు పంచినది నేను. పాస్టరుగారు నన్ను చూసి పెదనాన్నగారా అని అడిగారు. విలియం కాదనలేదు. రికార్డుల్లో ఇవేవీ లేవని తెలుసు. అయినా లోపలికి ఎవరో దొంగలు వచ్చి వెళ్లిన ఈ వ్యవహారంలో బయటివాడని పేరు పడింది నా ఒక్కడికే.

7. ఇంటి శాంతి గురించి. విలియం కామాక్షి అని కొట్టాడని విన్నది మొదలు నా భార్య మొహం వెలిగిపోయింది. "అయితే మీ ముక్క నా పేరేనేటి?" అంది. నిబంధన ప్రకారం చెప్పకూడదన్నాను. "చెప్పకూడదంటే కాదనే కదా. మరెవుల పేరు?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పు పల్చబడింది. తమ నిబంధనలను ఇంత నష్టానికి ఓర్చి పాటిస్తున్న మనిషిని తమరు ఎక్కడా చూసి ఉండరు.

8. ప్రస్తుత పరిస్థితి. ఈ నెల పెన్షన్ పడింది. నేను రోడ్డు దాటలేదు. ఎదురుగా అతని వరండాలో అతను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు. ఆ పేపరు నిన్నటిదని ఇక్కడికి కనపడుతూనే ఉంటుంది. నేను మా వరండాలో కూర్చుని వాన చూస్తాను. ఈ ఊళ్లో నాతో హిందీ మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు, కానీ నాతో పోట్లాడేవాడు అతనొక్కడే. సోమవారం అతను ఒక్కడే పాస్‌వర్డ్ పెట్టేసుకుంటే నేను రోడ్డు దాటడానికి ఇక కారణం ఉండదు. బిల్లు కట్టడానికి నేను అక్కర్లేదు. టీకి పిలవాలంటే అతనికి మొహమాటం. పిలవకుండా వెళ్లాలంటే నాకు రోషం. ఇద్దరిదీ ముదిరిన వయసు, ఇలా ఎన్నాళ్లు కూర్చుంటామో తెలియదు. నాకు భయంగా ఉంది.

కావున తమరిని కోరుకొనునది:

(అ) ఖాతాకు తాళం పడినది దొంగల వల్లనే గాని త్రినాథరావు వల్ల కాదని, అతడు తన ముక్క కొట్టకపోవుట వల్లనే సొమ్ము నిలిచినదని, బ్యాంకు ముద్రతో ఒక కాగితం విలియం పేర ఇప్పించవలెను. ముద్ర పెద్దదిగా ఉండవలెను.

(ఆ) బయటివాడు అను మాటను ఉపసంహరించవలెను. ఆ స్థానంలో ఎదురింటివాడు అని వేసినా చాలును.

(ఇ) కొత్త పాస్‌వర్డ్ పెట్టు సమయమున నన్ను కూడా కూర్చోనివ్వవలెను. నాకు అతని డబ్బు వద్దు, అందులో ఎంత ఉన్నదో కూడా నేను చూడలేదు. అప్పుడు జామచెట్టు వైపే తిరిగి ఉండేవాడిని.

ఆ ఖాతా నాది కాకపోయినా దాని మీద బెంగ ఉన్నవాడి మొరగా దీనిని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు మరియు మూడో తాళం,
త్రినాథరావు

తా.క. ఎలాగూ మారిపోయే తాళమే కాబట్టి నా ముక్క ఏమిటో తమకు చెప్పడంలో తప్పు లేదనుకుంటాను. విలియం. అతని పేరే. మొదటి రోజు నన్ను ఆ తెర ముందు కూర్చోబెట్టి, "నీది అసలే మతిమరుపు, ఎప్పటికీ మరిచిపోనిది ఏదైనా కొట్టు" అన్నాడు. కొట్టాను. ఖాతాదారు పేరు పాస్‌వర్డ్‌లో పెట్టడమంత తెలివితక్కువ పని లేదని జాయ్ తర్వాత మాటల్లో అంటే, నోరు మూసుకుని చేగోడీ తిన్నాను. దొంగలకు కూడా తట్టలేదు, అతనికీ తట్టలేదు. ఈ సంగతి అతనికి మాత్రం చెప్పవద్దు. నెత్తికెక్కుతాడు.

*

సాఫు ప్రతి రాసినవాని మనవి

అయ్యా,

ఈ చిత్తు కాగితాలను నిన్న సాయంత్రం కామాక్షమ్మ గారు మా ఇంటికి తెచ్చారు. "అన్నయ్యగారూ, ఈయన రాత మేనేజరు గారికి అర్తం కాదు. ఎప్పట్లాగే సాఫు రాసెట్టండి. ఒక్క ముక్క మార్చకండి" అని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ ముందే చదివేశారని మొహం చూస్తే తెలుస్తోంది. మార్చవద్దన్నారు కనుక దస్తూరీకి అడిగిన క్షమాపణతో సహా అన్నీ ఉన్నవి ఉన్నట్టే దించాను. తా.క. దగ్గరికి వచ్చాక నా కలం కొంతసేపు నడవలేదు. అంతసేపూ ఆవిడా డైసీ జామచెట్టు చూస్తూ కూర్చున్నారు.

పై అర్జీలోని అంశాలు వాస్తవమే. ఒక్క సవరణ. ఆ పేపరు నిన్నటిది కాదు, మొన్నటిది.

కోరిక (అ)లో అడిగిన కాగితం ఇక అవసరం లేదు. రాత్రే రోడ్డు దాటి వెళ్లి నోటితోనే చెప్పి వచ్చాను. (ఆ) తమ దయ. (ఇ) మాత్రం తప్పక మంజూరు చేయవలెను. సోమవారం మేము ముగ్గురం వస్తున్నాము. కుర్చీలు వేయించగలరు. మాలో ఎవరి ముక్క వారు కొట్టేటప్పుడు తమరు కూడా కాస్త కిటికీ వైపు తిరగవలెను.

ఈసారి నా పేరు పెట్టడానికి వీల్లేదని త్రినాథానికి గట్టిగానే చెప్పాను. అయితే గుర్తుండదంటున్నాడు.

విలియం,
ఖాతాదారుడు